ఫైటర్ చేపకు పోసిన కొత్త నీళ్ళు

వసుమతి ఇంటి వరండాలోని గాజుతొట్టిలోకి ఒక నీలిరంగు ఫైటర్ చేప కొత్తగా వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆమె పాత నీళ్ళన్నీ పారబోసి, ముచ్చటపడి కుళాయి నీళ్ళు నిండా పట్టింది. ఆమె లోపలికి వెళ్ళగానే చేపకు మొప్పలు మండిపోసాగాయి.

పిట్టగోడ మీది కాకి తొంగిచూసింది. "పాపం, తొట్టికి మూత కూడా లేదు. ఒక్క గెంతు గెంతు తమ్ముడూ, నిన్ను చెరువులో దింపుతాను."

చేప గెంతబోయింది.

"ఆగు!" అంది గాజుకు అంటుకున్న నత్త. "అది ముక్కు ఎలా నూరుకుంటోందో చూడు. నువ్వు పైకి తేలి కదలకుండా ఉండు. అమ్మగారి కంట పడతావు."

"పైకి తేలితే కాకికి అందుతాను కదా!"

"అందుతావు. కానీ అడుగున దాక్కుంటే ఎవరికీ తెలియకుండా చస్తావు."

చేప పైకి తేలి, పక్కకు ఒరిగింది. కాకి తొట్టి అంచు మీద వాలింది. దాని నీడ చేప కంటి మీద పడింది.

"అయ్యో నా బంగారం!" అంటూ వసుమతి పరుగెత్తుకొచ్చి కాకిని అదిలించింది. చేపను అమ్మినతనికి ఫోన్ చేసింది.

"కుళాయి నీళ్ళలో క్లోరిన్ మందు ఉంటుందమ్మా. ఒక రోజు నిలవుంచి పొయ్యాలి" అన్నాడతను.

ఆమె తొట్టి ఖాళీ చేసి, ముందురోజు బిందెలో పట్టిన నీళ్ళు పోసి, పైన జల్లెడ కప్పింది. మొప్పల మంట తగ్గింది.

సాయంత్రం మేత వేయడానికి ఆమె చెయ్యి దగ్గరికి రాగానే చేప నత్త చాటుకు పారిపోయింది.

"భయపడకు, ఆవిడ మంచిది" అంది నత్త.

"పొద్దున కూడా మంచిదే కదా!" అంది చేప.