తేనెరంగు జాకెట్టు ముక్క

"ఓసి నీ అఘాయిత్యం కూలా! పోయిపోయి దీనికా కత్తెర పెట్టావు?"

అత్తగారు రామతులసి కేకకి శ్రీదుర్గ కాలు మిషను పెడల్ మీదే ఆగిపోయింది. కుడుతున్న సంచి దాదాపు పూర్తయింది. లోపల మొగుడి పాత లుంగీ, పట్టీలకి చిరిగిన చీర అంచు, పైకి మాత్రం బీరువాలోంచి తీసిన తేనెరంగు జాకెట్టు ముక్క. ఇక గుండీ ఒక్కటి కుడితే సరి.

"ఏమైందత్తయ్యా? ఏదీ కొనొద్దు, ఇంట్లో ఉన్నవాటితోనే ఒకటి కుట్టి చూపించు, నీ చెయ్యెలా ఉందో చూస్తానని బాలత్రిపురసుందరిగారేగా ఫోన్లో అన్నారు! జాకెట్టు ముక్కలు కట్టలకొద్దీ ఉన్నాయి కదా అని..."

"ఉంటే? అన్నిట్లోకీ నీకిదే దొరికిందా! ఇది పోయిన శ్రావణంలో పేరంటానికి పిలిచి ఆవిడే నాకు పెట్టింది తల్లీ! 'మంగళగిరిలో చెప్పి మరీ నేయించానండీ, మీరే కుట్టించుకోవాలి, ఇంకెవరికీ పెట్టకూడదు' అని మాట కూడా తీసుకుంది."

శ్రీదుర్గ గబుక్కున మిషను మీంచి చెయ్యి తీసేసింది. అయినా నోరూరుకుంటేగా!

"మరి రేపటి పేరంటంలో పెట్టే కట్టలో ఎందుకుందండీ?"

"నోర్మూసుకో. ముందా సంచి ఎక్కడన్నా దాచెయ్. ఆవిడొచ్చే వేళయింది."

దాచేస్తే ఇక చూపించేదేమిటి, తన మొహమా? ఆవిడ మనవరాలి ఓణీల ఫంక్షనుకి తాంబూలం సంచులు రెండొందలు కావాలంటోంది. ఈ ఆర్డరు రాకపోతే మిషను అమ్మేసి ఆ మూల ఖాళీ చేస్తానని పౌరుషానికి పోయి మొగుడికి మాటిచ్చేసింది. ఇప్పుడా మాట తలుచుకుంటే ఏడుపొస్తోంది.

"గంటలో ఇంకోటి కుట్టేస్తానత్తయ్యా" అంటూండగానే గుమ్మం ముందు ఆటో ఆగింది.

గవర్నర్‌పేట నుంచి వన్ టౌన్ దాకా ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వచ్చినట్టుంది, బాలత్రిపురసుందరి చెమటలు కక్కుతూ లోపలికొచ్చింది. "ఏదమ్మాయ్, చూపించు. నేను మళ్ళీ క్యాటరింగ్ వాళ్ళ దగ్గరికెళ్ళాలి."

"ముందు మంచినీళ్ళు తాగండి" అని రామతులసి మిషనుకి అడ్డంగా నిలబడింది. బాలత్రిపురసుందరి అంత తేలిగ్గా ఆగే మనిషా! పక్కనుంచి చెయ్యి చాపి సంచి లాక్కుంది. తిరగేసింది. పట్టీలు గుంజి చూసింది. కుట్టు వెంట గోరు పెట్టి గీసింది.

"కుట్టు పొందిగ్గా ఉందే. లుంగీ కూడా లోపల ముచ్చటగా కుదిరింది. మరి ఈ పై గుడ్డ..."

రామతులసి కళ్ళు మూసుకుంది.

"ఎంత బాగుందండీ! ఈ చిలకల బుటాలు చూడండి. ఇలాంటి గుడ్డ నా జన్మలో చూళ్ళేదు!"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రెండొందలూ నువ్వే కుట్టాలి. ఒకటే మాట, అన్నీ ఈ గుడ్డతోనే. ఎక్కడ కొన్నారో చెబితే తానులు తెప్పిస్తాను."

"ఇక్కడే, వన్ టౌన్‌లోనే... ఏదో కొట్లో..." రామతులసి నసిగింది.

శ్రీదుర్గకి ఆర్డరొచ్చిన సంబరం నిమిషం కూడా నిలవలేదు. లేని కొట్టు పేరు చెబితే రేపు సంచులకి గుడ్డ ఎక్కణ్ణించి వస్తుంది? ఏదైతే అదైందనుకుంది.

"కొన్లేదండీ. పోయిన శ్రావణంలో మీరే అత్తయ్యకి పెట్టారు. తెలీక కత్తిరించేశాను, తప్పు నాదే. ఆ మంగళగిరి నేతాయన నంబరిస్తే నేనే వెళ్ళి మాట్లాడతాను."

బాలత్రిపురసుందరి మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడింది. "తేనెరంగుది... నేను పెట్టానా?" అని సంచి మళ్ళీ తిరగేసి చూసి, ఉన్నట్టుండి పమిట నోటికడ్డం పెట్టుకుని పకపకా నవ్వేసింది.

"నేయించడం నా మొహం! పేరంటంలో ఎవరో పెడితే మడత కూడా విప్పకుండా మీకు పెట్టేశాను. నీ ఆర్డరెక్కడికీ పోదులే అమ్మాయ్. అయినా ఆ పెట్టిందెవరబ్బా..." అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ చటుక్కున రామతులసి వైపు తిరిగింది.

"మీరేనండీ! అంతకు ముందేడు మీ ఇంటికొస్తే మీరేగా నాకు పెట్టారు! ఎక్కడ కొన్నారో కాస్త గుర్తు తెచ్చుకోండి!"