తల్లి కుర్చీ

మేడమ్ నిలబడే మొదలుపెట్టింది. అదే మొదటి తప్పు.

కుర్చీలో కూర్చున్న అక్క ఆ తప్పును మనసులో రాసుకుంది. మేడమ్ మాట పూర్తయ్యేదాకా అడ్డు రాకూడదు. అంతా అయ్యాక, ఎక్కడెక్కడ తప్పిందో చెప్పాలి. పరీక్ష అదే.

నర్సింగ్ స్కూల్లో ఆ ప్రాక్టికల్ అంటే అందరికీ హడలు. ఆస్పత్రిలో మనిషి చనిపోతే ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలన్నది పాఠం. పరీక్ష రోజు మేడమ్ నర్సు వేషం కడుతుంది. కావాలనే తప్పులు చేస్తుంది. చనిపోయినవాడి తల్లిగా ఎదుటి కుర్చీలో కూర్చుని విద్యార్థి వాటిని పట్టుకోవాలి. ఏడాది పొడుగునా కథ మారలేదు. కొడుకు, రోడ్డు ప్రమాదం, ఏమీ తెలియకుండా వచ్చిన తల్లి. పద్దెనిమిదేళ్ల ఆడపిల్లలు ఆ కుర్చీలో కూర్చోగానే కిసుక్కున నవ్వేవాళ్లు. పొట్టిది అని పిలిచే పిల్లయితే చున్నీ నోట్లో కుక్కుకునేది.

ఆ క్లాసులో నిజంగా తల్లి అయింది ఒక్కతే. వయసులో పెద్దదని మేడమ్‌తో సహా అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు. తెల్లారకముందే హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఇంటికొచ్చి కొడుకును లేపి, బడిలో దింపి, అటునుంచి అటే క్లాసుకు వచ్చేది. పోయినసారి ఇదే కుర్చీలో కునికిపాట్లు పడి ఫెయిలైంది. ఈసారీ తప్పితే ఇంటికి పంపేస్తారు. ఇక జన్మంతా దుప్పట్లే.

అందుకే వారం రోజులుగా ఇంట్లో కొడుకు చేత మేడమ్ వేషం వేయిస్తోంది. వాడికి తొమ్మిదేళ్లు. ఇవాళ పొద్దున కూడా, ఒంటికాలి మీద గెంతుతూ బూటు తొడుక్కుంటూ అందుకున్నాడు.

"అమ్మగారూ, మీ ఇస్త్రీపెట్టె చనిపోయిందండీ. మేం చాలా ట్రై చేశామండీ."

"నిలబడి చెప్పావు."

"కూర్చుంటే బూటెలా వేసుకోనూ? సరేగానీ, పాసైతే నాకేం కొనిస్తావ్?"

"కొత్త అన్నం డబ్బా."

"మూత కూడా దాందే ఉండాలి మరి."

వాడి డబ్బా ఎర్రది. మూత ఎక్కడో పారేసుకొచ్చాడు. ఇంట్లో దొరికిన ఆకుపచ్చ మూత ఒకటి బిగించి నెట్టుకొస్తున్నారు. బడిలో పిల్లలు దాన్ని చిలక డబ్బా అని ఏడిపిస్తున్నారట.

పరీక్షకు ఆలస్యమవుతుందని వాడే ఆమెను గుమ్మం దాటించాడు. "నువ్వు పద. నేను వెళ్తాలే. చంటిపిల్లాణ్నా?"

ఇంత చేసినా బస్సు ముంచేసింది. ఎంతకీ రాలేదు. వచ్చాక దారంతా నత్తనడక. అక్క ఫోన్ ఆపేసి, పాఠం మళ్లీ మళ్లీ నెమరేసుకుంటూ కూర్చుంది. ఆస్పత్రి మెట్లెక్కి పై అంతస్తులోని స్కూలు చేరేసరికి పరీక్ష మొదలై చాలాసేపైంది. లోపలికి రానివ్వరేమోనని భయపడింది. అటెండరు ఒక్క మాట అనలేదు. తిన్నగా గదిలోకి తీసుకెళ్లి కుర్చీ చూపించాడు. వరండాలో పిల్లలంతా తలలు వంచుకుని ఉన్నారు. చదువుకుంటున్నారనుకుంది.

మేడమ్ గొంతు సవరించుకుంది.

"అక్కా... మీ అబ్బాయికి... పొద్దున రోడ్డు దాటుతుంటే... డాక్టర్లు చాలా ప్రయత్నం చేశారు."

నసుగుడు. అదీ తప్పే. చెప్పాల్సింది ఒక్క ముక్కలో చెప్పాలి.

మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదిలో ఒక్కసారీ నవ్వుమొహం చూపించని మనిషి. ఈవిడలో ఇంత నటన ఉందా అనుకుంది అక్క.

చివరికి మేడమ్ కూర్చుంది. "చనిపోయాడు" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు. అది మాత్రం పాఠంలో ఉన్నట్టే చేసింది.

ఇక తన వంతు. అక్క ముందుకు జరిగింది.

"చెప్పనా మేడమ్? మీరు నిలబడి మొదలెట్టారు. మాట చెప్పకుండా చుట్టూ తిప్పారు. తిప్పినంతసేపూ ఆ తల్లికి బతికే ఉన్నాడేమోనని ఆశ ఉంటుంది. మంచినీళ్లు పెట్టలేదు. తోడెవరైనా వచ్చారా అని అడగలేదు. తల్లి కంటే ముందు మీరే ఏడ్చారు."

"అక్కా, నా మాట విను..."

"వినమనకూడదు మేడమ్. తల్లి మాట్లాడుతుంటే మాట్లాడనివ్వాలి. మీరు చెప్పిందే."

గుమ్మం దగ్గర పొట్టిది వెక్కింది. దీని నవ్వు తగలెయ్య, ఈసారి కూడా నా కొంప ముంచేట్టుంది అనుకుని అక్క కళ్లురిమింది. పొట్టిది గోడ వైపు తిరిగిపోయింది.

మేడమ్ ఇంకా ఎదురుగానే ఉంది. మార్కులేం వేస్తున్నట్టు లేదు. ఇంకేదో మిగిలిందన్నమాట. అక్క ఆవిణ్ని తలనుంచి కాళ్లదాకా చూసింది. దొరికింది. మొహం వెలిగింది.

"అసలుది మర్చిపోయాను. వచ్చినప్పట్నుంచీ మీ కుడిచెయ్యి వీపు వెనకే ఉంది. చేతులు రెండూ కనబడాలి. లేకపోతే ఏదో దాస్తున్నారనిపిస్తుంది తల్లికి. అంతే కదా? అన్నీ పట్టేశాను కదా? ఈసారైనా పాసేనా మేడమ్?"

మేడమ్ ఆ చెయ్యి ముందుకు తెచ్చి, ఆకుపచ్చ మూత ఉన్న ఎర్ర డబ్బాను ఆమె ఒళ్లో పెట్టింది.