పులికి రెండో కన్ను

పాత పుస్తకాల కొట్టు తెరిచిన రోజున ఆయన చేతిలో ఉన్న సరుకు రెండు రకాలు. ఒకటి, మూతపడిన బడి నుంచి తూకానికి తెచ్చిన పిల్లల కథల పుస్తకాలు. రెండోది, ఇంట్లో ఊసుపోక కొట్లోకి వచ్చి కూర్చునే అత్తగారు. రెండూ కదిలే సరుకు కాదనే అనుకున్నాడు.

పుస్తకాలు నలక్కుండా ఉన్నాయి. ఆ బడిలో ఎవరూ వాటిని చదివిన పాపాన పోలేదు. అదే వాటి జబ్బు. పెద్దమనుషులు వచ్చేవారు, "అబ్బ, చిన్నప్పుడు చదివాను!" అని తిరగేసేవారు, ఎక్కడిదక్కడ పెట్టేసి పోయేవారు.

ఒకరోజు అత్తగారు ఏమీ తోచక ఒక కథలో రాణిగారికి ఎర్ర పెన్సిల్‌తో మీసాలు పెట్టింది. ఆయన తల పట్టుకున్నాడు. సాయంత్రం ఒక బ్యాంకు మేనేజరు సరిగ్గా ఆ పుస్తకమే తీసి, మీసాలు తడిమి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది నాదేనండీ! నేనే గీశాను. ఆ రోజు మా అక్క నా వీపు విమానం మోత మోగించింది."

బేరమాడకుండా పట్టుకుపోయాడు.

కొట్టాయనకు జ్ఞానోదయమైంది. చదువుకున్నవాళ్లకు కావాల్సింది కథ కాదు, మరక. మర్నాటికల్లా వెనక గదిలో అత్తగారికి కుర్చీ, బల్ల, రంగు పెన్సిళ్లు అమిరాయి.

"ఎడమ చేత్తో గియ్యండి అత్తయ్యగారూ. పిల్లల గీతలా వస్తుంది."

"ఇన్నాళ్లకి నాతో ఒక పని పడింది మీకు!" అని మురిసిపోయింది ఆవిడ.

పుస్తకాలు కదిలాయి. ఒక డాక్టరు టీ మరకలో తన బాల్యాన్ని చూసుకున్నాడు. ఒక లాయరమ్మ "ముట్టుకుంటే కరుస్తా" అన్న రాతను గుండెకు హత్తుకుంది.

"వెర్రి వెంగళప్పలు!" అని భోజనాల దగ్గర నవ్వాడాయన. "బాల్యం కొట్లో దొరుకుతుందా ఎక్కడైనా?"

"మరి మీరు ప్రతి మూటలోనూ ఆ ఒంటికన్ను పులి పుస్తకం వెతకడం లేదూ?" అంది భార్య. "'పాపం, పులికి సరిగ్గా కనపడదు కదా అని రెండో కన్ను గీశాను, కింద పిచ్చుక అని నా ముద్దుపేరు రాసుకున్నాను' అని ఎన్నిసార్లు చెప్పారు మాకు!"

"అది సరుకు పరిశీలన" అని విసుక్కున్నాడు. అత్తగారు వింటూ మంచినీళ్లు తాగింది.

ఆ నెలలోనే వీధి చివర ఇంకో పాత పుస్తకాల కొట్టు వెలిసింది. దానికి తోడు ఇంకో చిరాకు. రంగు పెన్సిళ్లు అమ్మకాలను మించి అరిగిపోతున్నాయి. అడుగుదామంటే మధ్యాహ్నాలు అత్తగారు దొరకదు. "కాళ్లు పట్టేశాయి, అలా నడిచొస్తా" అంటూ వెళ్లిపోతుంది.

పోటీవాడి దగ్గర ఏముందో చూద్దామని ఒకసారి వెళ్లాడు. ముందు వరసలోనే ఒంటికన్ను పులి!

తెరిచాడు. పులికి రెండో కన్ను ఉంది. పసివాడి చెయ్యి కదా, కాస్త పక్కకి పోయింది. కింద వంకర టింకరగా, "పిచ్చుక."

పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు.

"ఎక్కడిది ఇది?"

"ఏదో పాతింటి సామాన్లలో దొరికిందండీ. అమ్మడానికి కాదు, ఊరికే చూడ్డానికి పెట్టాను" అన్నాడు పోటీవాడు జాలిగా.

జన్మలో మొదటిసారి ఆయన బేరం మరిచిపోయాడు. తన కొట్లో ఉన్న ఒకే ఒక్క అద్దాల బీరువా ఇచ్చి పులిని ఇంటికి తెచ్చుకున్నాడు.

దాన్ని ఒళ్లో పెట్టుకుని లెక్క చూసుకున్నాడు. పోయింది బీరువా. వచ్చింది బాల్యం. ఎటు చూసినా లాభమే. కళ్లు తడిశాయి.

భుజం మీదుగా తొంగిచూసిన అత్తగారు నొచ్చుకుంది.

"ఆ కన్ను కాస్త పక్కకి పోయింది అల్లుడుగారూ, ఏం చెయ్యను, ఆ కొట్లో వెలుతురు చాలదు."