ద్రాక్షరసం కోడి

ఆ ఫ్రెంచ్ కోడికూర అసలు రెడ్ వైన్‌లో మగ్గాలి. మావారు నా మీద ఒట్టేసి తాగుడు మానేశాక, ద్రాక్షరసంలో కాస్త వెనిగర్ కలిపి కానిచ్చేస్తున్నాను.

ఈరోజు రసం చాల్లేదు. ఆయన రోజూ డ్యూటీకి పట్టుకెళ్లే ద్రాక్షరసం సీసా ఫ్రిజ్‌లో కనబడితే, మొత్తం గిన్నెలోకి ఒంపేశాను.

వేడికి వాసన గుప్పుమంది. గబుక్కున స్టవ్ కట్టేశాను.

హాల్లోంచి ఆయన పరుగున వచ్చారు.

"వైన్ పోశావా? నా ఒట్టు తీసి గట్టున పెడదామనుకున్నావా? కట్టుకున్నదానివి, నువ్వే ఇంత పని చేస్తావా?"

ఎంత బాగా బాధపడ్డారో! ఒక్క క్షణం నేనే తప్పు చేశానేమో అనిపించింది.

"ద్రాక్షరసమేనండీ," అన్నాను, ఖాళీ సీసా ఆయన చేతిలో పెడుతూ. "మీదే."