షెడ్డులో పరీక్ష

“మొదట్నుంచీ చెప్పు. ఏం చూశావు, ఏం విప్పావు, ఎందుకు విప్పావు?” అన్నాడు ఓరెస్ట్ స్టూలు లాక్కుని కూర్చుంటూ.

అర్నెల్ కోత మిషను కిందనుంచి బయటికి జరిగాడు. చేతులనిండా గ్రీజు. బయట కనోలా నూనెగింజల చేలు కోతకు వచ్చాయి. ఆ మిషను కోసం రైతు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

“ఇంజను వేడెక్కగానే ఆగిపోతోంది సార్. డీజిల్ పైపులోకి గాలి వెళ్తోంది. ఫిల్టరు దగ్గర వాషరు చీలింది. అది మార్చి, గాలి తీసేశాను.”

“పంపు ఎందుకు విప్పలేదు?”

“పంపు పోయుంటే అసలు స్టార్టే కాదు సార్.”

ఓరెస్ట్ కాసేపు మిషను వంక చూశాడు. తప్పు పట్టలేదు. బాగుందనీ అనలేదు. “ఊఁ” అని లేచి వెళ్లిపోయాడు.

అర్నెల్ ఫిలిప్పీన్స్‌లో చెరకు మిల్లు యంత్రాలు బాగుచేసిన మెకానిక్. పని పర్మిట్టు మీద కెనడాలో, సస్కాచువాన్ ప్రావిన్సులోని ఈ చిన్న ఊరికి వచ్చాడు. పనితనం ఉన్నవాడని ప్రావిన్సు ప్రభుత్వం ఎంపిక చేస్తేనే అతనూ, భార్య మిలా, పాపా ఈ దేశంలో స్థిరపడగలరు. ఆ ఎంపికకు యజమాని మాట కావాలి. అర్నెల్‌కు యజమాని ఓరెస్టే.

వచ్చిన కొత్తలో ఆయన ఇలా లేడు. పక్కన నిలబడి పని నేర్పేవాడు. చలికి వణికితే, “మా తాత ఉక్రెయిన్ నుంచి వచ్చి మట్టిపెళ్లల గుడిసెలో చలికాలం గడిపాడు. నీకు హీటరుంది, ఏడవకు” అని నవ్వించేవాడు. అర్నెల్ తరఫున దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచే ఈ ప్రశ్నలు మొదలయ్యాయి.

ప్రశ్నలతో ఆగలేదు. ఒకరోజు, “ప్రతి సొరుగు మీదా లోపల ఏముందో రాసి అంటించు” అన్నాడు. పానాలకూ బేరింగులకూ చీటీలు అంటిస్తుంటే అర్నెల్‌కు తల కొట్టేసినట్టయింది.

“నాకు పానా ఏదో తెలీదనుకుంటున్నాడా?” అన్నాడు ఇంటికెళ్లి.

మిలా సినిగాంగ్ పులుసు వడ్డిస్తూ నవ్వింది. “మీ మాస్టారు ఇవాళ ఎన్ని మార్కులేశాడేంటి?”

“నవ్వకు. కోపంలో ఒక్క మాట జారితే మనం పెట్టెలు సర్దుకోవాలి.”

“అయితే జారనీకు. పాప ఇక్కడి బడిలో పాటలు నేర్చుకుంటోంది. కోపాన్ని కూడా ఈ పులుసుతో మింగెయ్.”

అర్నెల్ మింగాడు. మంచు పడ్డాక పొలాలకు వెళ్లాల్సివస్తే, ఓరెస్ట్ తాళాలు అతని చేతిలో పెట్టేవాడు. “నువ్వే నడుపు. దారి కూడా నువ్వే చూడు.” ఒకసారి అర్నెల్ తప్పు మలుపు తిరిగాడు. చాలా దూరం పోయాక పొరపాటు గ్రహించి బండి వెనక్కి తిప్పాడు. పక్కన కూర్చున్నది ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. అయినా పెదవి విప్పలేదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ చలికాలంలోనే ప్రావిన్సు కార్యాలయం నుంచి ఒకావిడ షెడ్డుకు వచ్చింది.

“ఇతను చేసే పనేమిటో మీరు చెప్పండి,” అంది ఓరెస్ట్‌తో.

ఓరెస్ట్ అర్నెల్ వైపు చూశాడు. “చేసేది వాడు. వాణ్నే అడగండి.”

ఆవిడ ముందు కూడా పరీక్షేనా! అర్నెల్ రోజూ అప్పజెప్పినట్టే ఒక్కో పనీ అప్పజెప్పాడు. ఆవిడ తలూపింది.

“ఇతను లేకపోతే ఏం చేస్తారు?”

“షెడ్డు మూసేస్తాను,” అన్నాడు ఓరెస్ట్ తడుముకోకుండా.

ఆ మాట విని అర్నెల్ కళ్లు చెమర్చాయి. కష్టాలు తీరాయనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఓరెస్ట్ మళ్లీ స్టూలు లాక్కున్నాడు. “మొదట్నుంచీ చెప్పు.”

వసంతంలో ప్రావిన్సు అర్నెల్‌ను ఎంపిక చేసింది. మరుసటి కోతల నాటికి శాశ్వత నివాసమూ వచ్చింది. మిలా ఏడ్చింది, పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ వారమే అర్నెల్ ఓరెస్ట్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“సస్కటూన్ నగరంలో పెద్ద కంపెనీ వాళ్లు పిలిచారు సార్. నెలాఖరుకి వెళ్లిపోతాం.”

“మంచి కంపెనీయేనా?”

“మంచిదే.”

“మీ ఆవిడకి ఇష్టమేనా?”

“ఇష్టమే సార్.”

“అయితే వెళ్లాల్సిందే,” అన్నాడు ఓరెస్ట్. గొంతులో కోపం లేదు.

కోప్పడి ఉంటే అర్నెల్ అక్కడితో వదిలేసేవాడేమో. ఆ మెత్తదనానికి ఇన్నాళ్లూ మింగినదంతా పైకొచ్చింది.

“ఒక్క మాట అడుగుతాను సార్. మొదట్లో నన్ను ఇంట్లో మనిషిలా చూశారు. దరఖాస్తు పెట్టాక చిన్న నట్టు బిగించినా జవాబు చెప్పించుకున్నారు. నమ్మని మనిషి కళ్లెదుట రోజూ పని చెయ్యడం ఎలా ఉంటుందో మీకు తెలీదు. నా పనిలో ఏం లోపం కనిపించింది?”

ఓరెస్ట్ తన చేతుల వంక చూసుకున్నాడు. గోళ్లలో నల్లటి గ్రీజు లేక చాలా కాలమైన చేతులు.

“నీ పనిలో లోపం ఎప్పుడూ లేదు,” అన్నాడు. “చెబితే నీ దరఖాస్తు ఆగిపోతుందని భయపడ్డాను. అందుకే ఇంట్లో కూడా చెప్పలేదు.”

“ఏం చెప్పలేదు సార్?”

“నాకు ఏ పనీ, ఏ దారీ గుర్తుండటం లేదు అబ్బాయ్.”