ప్యాట్సీ ఫిడేలు

"ప్యాట్సీ ఫోనెత్తాడా డాక్టర్?" ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి అడిగాడు కౌన్సిలర్ డెక్లన్.

"రేపు సాయంత్రం ఫోన్లో వాయిస్తానన్నాడు," అంది లోహిత.

మొహానికి మాస్కు ఉండబట్టి బతికిపోయింది. నిజానికి ఫోనెత్తింది ప్యాట్సీ చెల్లెలు. అన్నయ్య ఆ పొద్దునే కోవిడ్‌తో పోయాడని చెప్పి ఏడ్చింది.

డెక్లన్‌కి కొండ ఊళ్ళ పాతకాలపు ఫిడేలంటే చిన్నప్పటినుంచీ పిచ్చి. ప్యాట్సీ వాయిస్తున్నాడంటే కౌన్సిల్ మీటింగు మధ్యలో వదిలేసి కొండెక్కేవాడట. ఇప్పుడు లిమరిక్ ఊరి ఆసుపత్రిలో, కోవిడ్ వార్డులో ఒంటరిగా ఉన్నాడు. ఊపిరి ఇంకాస్త తగ్గితే వెంటిలేటర్ తప్పదు. స్నేహితుడు పోయాడని తెలిస్తే ఆ కాస్త ధైర్యమూ జారిపోతుందని లోహిత భయం.

ఇంటికి రాగానే భర్తతో అంది. "కళాధర్, నీ వయొలిన్ తియ్యి."

"లోహీ, నాకొచ్చింది కర్ణాటక సంగీతం. ఇక్కడి కొండపాటలు నాకేం తెలుసు?"

"ప్యాట్సీ పాత రికార్డింగు దొరికింది. విని పట్టుకో."

"దొరికిపోతే?"

"దొరక్కుండా వాయించు. పెద్దాయన ప్రాణం మీదికొచ్చింది."

మర్నాడు సాయంత్రం డెక్లన్ చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. పాట చక్కగా సాగుతుండగా కళాధర్ అలవాటుకొద్దీ ఒకచోట గమకం వేసేశాడు. డెక్లన్ కళ్ళు తెరిచాడు.

"ప్యాట్సీ అక్కడ అలా ఊపడే?"

లోహిత గబగబా అందుకుంది. "వయసైపోయింది కదా, చెయ్యి వణికిందేమో."

"అంతే అయ్యుంటుంది." ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. పాట అయ్యాక ఫోన్ వైపు తిరిగి, "గ్రాండ్, ప్యాట్సీ. గ్రాండ్," అన్నాడు.

కళాధర్ నోరు విప్పేలోగా లోహిత ఫోన్ పెట్టేసి, గండం గడిచిందనుకుంది. అబద్ధమాడిన బాధ మాత్రం పోలేదు.

"కూర్చోండి డాక్టర్, పాపం నిన్నటినుంచీ హైరానా పడుతున్నారు," అన్నాడు డెక్లన్, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ. "నలభై ఏళ్ళు ఎలా గెలిచానో తెలుసా? మా లోకల్ రేడియోలో పొద్దున్నే చావుకబుర్లు చదువుతారు. అవి వినకుండా ఇక్కడ ఏ కౌన్సిలరూ టీ ముట్టడు. ఒక్క అంత్యక్రియలకి వెళ్ళకపోయినా ఆ ఇంటి ఓట్లు పోయినట్టే. ఈ మంచం మీద కూడా ఫోన్లో రోజూ వింటున్నాను."

"ఇప్పుడు కూడా ఓట్ల గొడవేనా?" నవ్వబోయింది లోహిత.

ఆయన ఆమె గ్లవుజు చేతిని మెల్లగా తట్టాడు.

"ఇవాళ ప్యాట్సీ పేరు చదివారు."