హోల్డర్ లేని లేత్

“పెద్దదే బిగించెయ్ సాయిరాం. గట్టిగా పట్టుకుంటుంది,” అన్నాడు పున్నయ్య.

ఇనుము చెక్కే లేత్ ముందు సాయిరాం ఒక చేతిలో టూలు బిగించే పెద్ద హోల్డర్, మరో చేతిలో చిన్నది పట్టుకుని నిలబడ్డాడు. రెండూ ఆన్‌లైన్లో తెప్పించినవే. చిన్నదానిలో టూలు కదులుతోంది. పెద్దదానిలో మొన పైకి లేస్తోంది.

ముసునూరులో పున్నయ్య మామిడి పూతకు తేనెమంచు పురుగు పట్టింది. మందు కొట్టే పంపు షాఫ్టు విరిగింది. కొత్తది చెయ్యడానికి ఉన్నది ఒక్కటే ఉక్కు ముక్క. సాయంత్రానికి మందు పడకపోతే పూత మాడి రాలిపోతుంది.

“ఇదంతా ఆ చింతలపూడి ఆవిడ వల్లేనండీ,” అన్నాడు సాయిరాం. “మొగుడు పోయాక ఈ లేత్ అమ్మేసింది. దీని అసలు హోల్డర్ మాత్రం ఇవ్వనందంట. దేవుడి గూట్లో పెట్టుకుందంట! బ్రోకరుతో ఎన్నిసార్లు కబురు పెట్టానో.”

“ఇనుప ముక్కకి పూజేంటయ్యా!” పున్నయ్య నవ్వబోయి, బయట ఎండ చూసి ఊరుకున్నాడు.

గుమ్మంలో ఎవరో పెద్దావిడ. చేతిలో గుడ్డసంచి. ఎప్పుడొచ్చిందో.

“పాత ఇనుము కొనమమ్మా,” అన్నాడు సాయిరాం.

“అమ్మడానికి కాదు బాబూ...” ఆమె చూపు లేత్ మీదే ఉంది. “పెద్దది బిగించకు. అది వణుకుతుంది.”

“ఇప్పుడు మీరొకరా చెప్పడానికి? అసలే కంగారులో ఉన్నాం. పక్కకెళ్లండమ్మా!”

ఆమె సంచి స్టూలు మీద పెట్టింది. లేత్ అంచును అరచేత్తో ఒకసారి తాకి, వెళ్లిపోయింది.

“సంచి మర్చిపోయారు!” పున్నయ్య కేకేశాడు.

ఆమె వెనక్కి చూడలేదు.

సాయిరాం పెద్ద హోల్డరే బిగించాడు. స్విచ్ వేశాడు.

మొన తాకగానే లేత్ మొత్తం వణికింది. ఆపేలోపే టూలు కొరికేసింది. ఉక్కు మీద లోతైన గాడి.

పున్నయ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. “ఇంక దీంతో షాఫ్టు రాదా?”

“రాదండీ.”

“పూత...” అన్నాడు పున్నయ్య.

సాయిరాం కూర్చోబోతూ స్టూలు మీది సంచి ఎత్తాడు. బరువుగా ఉంది. విప్పాడు.

లోపల వేడి ఇనుప రజను పడి చిల్లులు పడ్డ ఖాకీ చొక్కా. దాని మడతల్లో, ఈ లేతుకు కొలిచినట్టున్న హోల్డర్.

రోడ్డు మీద చింతలపూడి బస్సు హారన్ కొట్టి కదిలింది.

పొద్దున పూజలో పెట్టిన కుంకుమ బొట్టు ఆ ఇనుము మీద ఇంకా చెరగలేదు.